ఋణగ్రస్తుని ఇల్లు

అప్పులవారి కొరకు వ్రాయబడిన పట్టీ యొకటి మహాచిత్రకారుని గృహమును లోకమునకు దక్కించినదనిన వినువారికి వింతగా దోచును. ఆమ్‌స్టర్డాము నగరమున రెంబ్రాంటు ఇంటి విషయమున జరిగినది ఇదియే. 1656వ సంవత్సరము జూలై 25, 26 తేదులలో, దివాలా వ్యవహారములను విచారించు కచ్చేరీ పక్షమున నొక గుమాస్తా ఆ యింటిలో గది వెంట గది నడచి, గోడమీది పటములు, బల్లలు, కుర్చీలు, అద్దములు, రోమక చక్రవర్తుల ప్రతిమలు, గవ్వలు, పగడపు కొమ్మలు, పాత ఆయుధములు, తుదకు వంటపాత్రల వరకు 363 పద్దులు వ్రాసికొని పోయెను. కళాపూజ అతని పని కాదు. వేలమునకు పనికివచ్చునదేదియు పట్టీకెక్కక తప్పిపోకుండ జూచుట అతని పని. మూడువందల నలువదియేండ్ల పిమ్మట, 1990ల చివర, ఆ యింటిని చిత్రకారుని కాలమునాటి స్థితికి దెచ్చుటకు బూనినవారు ఆ పట్టీనే చేతబట్టుకొని, ఈ గదిలో ఇట్టి పటము, ఈ మూల ఇట్టి కుర్చీ యని నిర్ణయించుకొనిరి. నేడు ప్రేక్షకుడు నడచునది ఆ గుమాస్తా నడచిన దారియే.

సుఖముగా బ్రదుకుచున్నవాని ఇంటి సామానును గదివారీగా వ్రాసి యుంచువారెవరు? రెంబ్రాంటు తన అప్పులను సకాలమున దీర్చియుండినచో అతని యిల్లు ఇంత వివరముగా మనకు దక్కెడిది కాదు.

అతడు 1606లో లైడెన్ పట్టణమున నొక పిండిమరవాని యింట బుట్టెను. 1634లో సాస్కియా యను కలవారి పిల్లను పెండ్లాడి, 1639లో 13,000 గిల్డర్లకు ఈ మేడను గొనెను. నేర్పరియైన పనివాని యేడాది సంపాదన కొన్ని వందల గిల్డర్లకు మించని కాలమది. లోకమంతయు నెఱిగిన ‘రాత్రి పహరా’ అను చిత్రమునకు అతనికి ముట్టినది సుమారు 1,600 గిల్డర్లు. ఆ లెక్కను అంతటి చిత్రములు ఎనిమిదింటికి పైగా వ్రాసినగాని యింటి వెల తీరదు. కొంత సొమ్ము ముందిచ్చి, తక్కినది వాయిదాలమీద చెల్లింతునని ఒప్పుకొనెను. రాబడి లేకపోలేదు. చిత్రములకు గిరాకి యుండెను. శిష్యులొక్కొక్కరు ఏటికి నూరు గిల్డర్లిచ్చి విద్య నేర్చుకొనుచుండిరి. కాని వచ్చినది వచ్చినట్లు వేలంపాటలలో పోయెడిది. మంచి చిత్రము వేలమునకు వచ్చినప్పుడు మొదటనే ఎవరును దాటలేని ధర పాడెడివాడనియు, అది చిత్రకారుల వృత్తికి గౌరవము కలిగించుటకేనని చెప్పెడివాడనియు 17వ శతాబ్దమునందే ఒక ఇటలీ రచయిత వ్రాసియున్నాడు. వృత్తిగౌరవము మంచిదే, ఇంటి వాయిదా మాత్రము నిలిచిపోయెను.

ఇప్పుడా యింటిలో నున్న కుర్చీలలో రెంబ్రాంటు కూర్చుండినది ఒక్కటియు లేదు. అతని సామానంతయు 1657, 1658 సంవత్సరములలో వేలమై నలుదిక్కులకు పోయినది. నేడు చూపబడునవి ఆ కాలపువే యైనను ఇతరుల యిండ్లనుండి కూర్చినవి. గోడలమీద అతని గురువైన లాస్ట్‌మన్ చిత్రములు, శిష్యుల చిత్రములు కలవు. అతని ఎచింగు ముద్రలు మాత్రము దాదాపు అన్నియు అచ్చటనే చేర్చబడినవి. గొప్ప తైలచిత్రములు వేఱుచోటులం దున్నవి. మూలవిరాట్టు లేని గుడిలో ఉత్సవవిగ్రహములను మాత్రమే దర్శించివచ్చినట్లున్నదని కొందఱు నిరుత్సాహపడుట కలదు. ఈ నిరుత్సాహము నాకు గలుగలేదు. మన దేవాలయములందు భక్తుని వీధివఱకు వచ్చి పలుకరించునది ఉత్సవమూర్తియే కదా.

నిజముగా ఆ కాలపు వస్తువొకటి దొరకినది కూడ చిత్రమైన చోటనే. 1997లో ఇంటి పెరటిలోని పాత మఱుగుగోతిని త్రవ్వినప్పుడు, చిత్రపటపు బట్టకు మొదట పూయు పూత పదార్థము అంటుకొనియున్న మట్టికుండలు రెండు బయటపడినవి. చక్రవర్తుల ప్రతిమలు పోయినవి. పారవేసిన కుండలు మిగిలినవి.

మేడమీది పెద్దగది అతడు చిత్రములు వ్రాసినచోటు. దాని కిటికీలు ఉత్తరదిశకు తెఱచియున్నవి. ఎండ సూటిగా లోనికి రాదు గనుక వెలుతురు ఉదయమునుండి సాయంకాలమువఱకు ఒక్కతీరుగా నుండును. వ్రాయుచున్న ముఖముమీది నీడ కదలిపోదు. బల్లమీద రంగుపొడులును, అవిసెనూనెయు, నూఱుటకు రాతిపలకయు నుంచినారు. పనివాడొకడు రంగును నూనెతో నూఱి చూపును. మఱియొకచోట ఎచింగు ముద్ర వేయు విధము చూపుదురు: రాగిరేకుమీద మైనపుపూత పూసి, సూదితో గీతలు గీసి, ఆమ్లములో ముంచినప్పుడు గీసినచోట మాత్రమే లోహము తినబడును, ఆ గీతలలో సిరా నింపి, తడికాగితము పఱచి, రెండు దొంతుల నడుమ మరలో బిగించి త్రిప్పుదురు. కాగితము నెత్తినప్పుడు చుట్టునున్నవారు నిట్టూర్పు విడుతురు. పిల్లలైతే మరల వేయుమందురు.

దాని ప్రక్క గది అతని వింతవస్తువుల భాండాగారము. తూర్పుదేశపు పెట్టెలు, గిన్నెలు, విండ్లు, అమ్ములు పట్టీలో కనబడుచున్నవి. డచ్చివారి కంపెనీకి 17వ శతాబ్దారంభమునుండియు మన మచిలీపట్టణమున కోఠీ కలదు; ఆ కంపెనీ యోడలే ఆసియాఖండపు వస్తువులను ఆమ్‌స్టర్డాము వేలంపాటలకు మోసినవి. మొగలాయి చిత్రములను జూచి రెంబ్రాంటు స్వహస్తముతో వ్రాసికొన్న ప్రతులు ఇరువదికి పైగా నేటికిని నిలిచియున్నవి. షాజహాను రూపమును హాలండు విడువకయే అతడు వ్రాసెను. ఇంతటి విశాలదృష్టి కలవాని యింటిలో, క్రింది అంతస్తున, మఱియొక కథ జరిగినది. ఈ వ్యాసము దాని కొరకే వ్రాయుచున్నాను.

మాతో వచ్చినవారిలో ఒక పెద్దమ్మగారుండిరి. మేడమీది చిత్రశాలయందు ఆమె ఎక్కువ సేపు నిలువలేదు. వంటయింటిలోనికి రాగానే పొయ్యి దగ్గఱకు పోయి పొగ ఎటుపోవునో జూచి, నీరు ఎచ్చటనుండి వచ్చెడిదో అడిగి, పిదప, “ఈ యింట పనిమనిషి ఎక్కడ పరుండెడిది నాయనా?” అని ప్రశ్నించినారు. గోడలో అలమరవలె నమర్చిన పొట్టి పడకను చూపించిరి. ఆ కాలమువారు సగము కూర్చుండి నిద్రించెడివారని చెప్పుదురు. ఆమె దానిని చేతితో కొలిచి చూచి, మఱేమియు ననక వెలుపలికి వచ్చినారు. మేడమీద ముద్రాయంత్రము చుట్టు మూగియున్నవారిలో ఎవరికిని ఆ ప్రశ్న తోచినట్లు లేదు.

1642లో సాస్కియా యీ యింటనే మరణించెను. ఆమెకు ఇరువదితొమ్మిది యేండ్లు. నలుగురు బిడ్డలు కలుగగా ముగ్గురు పురిటివయస్సుననే పోయిరి. టైటస్ అను పసివాడొక్కడు మిగిలెను. వానిని పెంచుటకు గేర్త్యే డిర్క్స్ అను స్త్రీని కుదుర్చుకొనిరి. ఆమె ఓడలో బాకా యూదువాని వితంతువు. కాలక్రమమున ఇంటి యజమానికిని ఆమెకును సంబంధము కలిగెను. సాస్కియా నగలు కొన్ని అతడామె కిచ్చెను. 1648లో ఆమె తన మరణానంతరము ఆ నగలు టైటస్‌కు చెందవలెనని మరణశాసనము వ్రాసెను. తాను కనని బిడ్డకు ఆమె చేసిన యేర్పాటిది; దీనిని మఱవరాదు. మఱుసటి సంవత్సరమునకే ఇంటిలో హెండ్రిక్యే స్టోఫెల్స్ అను పడుచు ప్రవేశించియుండెను. గేర్త్యే ఇల్లు విడిచి, జరుగుబాటు లేక నగలను తాకట్టు పెట్టెను. పెండ్లాడుదునని మాటయిచ్చి తప్పినాడని వ్యాజ్యము వేసెను. న్యాయాధికారులు పెండ్లి చేసికొమ్మని అనలేదు గాని, ఏటికి 200 గిల్డర్ల మనువర్తి యిమ్మనిరి.

ఇంతటితో ఆగియుండిన ఇది లోకములో నడచు వేయి కథలలో నొకటి. కాని 1650లో రెంబ్రాంటు ఆమె సోదరుని తోడుచేసికొని, ఇరుగుపొరుగువారి సాక్ష్యములు కూర్చి, ఆమె నడవడి మంచిది కాదనిపించి, గౌడా నగరమున స్త్రీలను నిర్బంధించి నూలు వడికించు దిద్దుబాటుగృహమునకు బంపించెను. దాని ఖర్చునకు తానే సొమ్మిచ్చెను. ఆమె సుమారు ఐదేండ్లు అందుండెను. 1655లో స్నేహితురాండ్రు పూనుకొని, అతడు వలదన్నను, ఆమెను విడిపించిరి. విడుదలయైన పిమ్మట ఆమె ఎక్కువకాలము బ్రదుకలేదు. దస్తావేజులను వెదకిన పండితుల శ్రమచేత ఈ సంగతులు క్రమముగా బయటపడినవిగాని, చిత్రములు వీనిని చెప్పవు.

హెండ్రిక్యే కథ వేఱు. 1654లో ఆమె గర్భవతియై యుండగా క్రైస్తవసంఘపు పెద్దలు పిలిపించి, పెండ్లిలేని కాపురము చేయుచున్నదని నిందించి, సంఘపు పవిత్రభోజనమునకు రాగూడదని నిషేధించిరి. ఒకే కాపురము; శిక్ష ఆమెకే. పెండ్లి యేల కాలేదు? సాస్కియా మరణశాసనమున తన ఆస్తిభాగము కుమారునిదనియు, భర్త మరల పెండ్లాడనంతవఱకు దానిని అనుభవింపవచ్చుననియు వ్రాసెను. పెండ్లాడినచో ఆ యనుభవము పోవును. అప్పులలో మునిగినవానికి అది సాధ్యము కాదు. కారణమిదియేయని చరిత్రకారులలో పెక్కుమంది తలంతురు. మన దేశమున 1856నాటి పునర్వివాహ శాసనము వితంతువునకు పెండ్లాడు స్వేచ్ఛ నిచ్చుచునే, పెండ్లాడినంతట మృతభర్త ఆస్తిమీది హక్కు తొలగునని రెండవ సెక్షనులో విధించెను. అచ్చట షరతు పురుషునిమీద పడినది; అయినను దాని బరువును సంఘమునెదుట మోసినది స్త్రీయే. షరతు ఎవరి పేర వ్రాయబడినను బరువు చేరవలసిన చోటికే చేరుచుండుట ఆలోచింపదగినది.

ఇప్పుడు ప్రశ్న. ఇట్టివాని యింటిని మనము పూజ్యస్థానముగా జూడవచ్చునా?

నదీమూలమును, ఋషిమూలమును విచారింపరాదని మన పెద్దలన్నారు. చిత్రమును జూచి ఆనందించుము, చిత్రకారుని వంటయింటితో నీకేమి పని యని నా మిత్రుడొకడు వాదించినాడు. ఈ సామెతను నేను చాలకాలమునుండి వినుచున్నాను. దిగువ గట్టున నిలిచి నీరు త్రాగువారికిది సుఖమైన మాట. మూలముకడ వరదలో కొట్టుకొనిపోయినవారి నడిగి యెవరును దీనిని కల్పించినట్లు లేదు. పైగా, విచారింపరాదన్న నియమమును మనము పెద్దవారి విషయముననే పాటింతుము. గేర్త్యే విషయమున ఇరుగుపొరుగువా రందఱును విచారించిరి, విచారించి సాక్ష్యమిచ్చిరి.

మఱికొందఱు దీనికి విరుద్ధమైన మాట చెప్పుదురు: ఇట్టివాని చిత్రములను మన్నించుట తప్పు, ఆ యిల్లు మూసివేయవలెను అని. వీరి కోపమునందు న్యాయమున్నది, నిర్ణయమునందు లేదు. ఇల్లు పోయిన తరువాత, అద్దెయింట, ముసలితనమున, హెండ్రిక్యేను 1663లోను టైటస్‌ను 1668లోను కోల్పోయి, తానును 1669లో మరణించువఱకు అతడు వ్రాసిన చిత్రములు మానవహృదయమును మెత్తపఱచుటలో సాటిలేనివి. తన ముడుతలను, ఉబ్బిన కనుఱెప్పలను ఏమాత్రము దాచక వ్రాసికొన్నాడు. వానిని జూచి, ఇది పశ్చాత్తాపమని నమ్మవలెనని మనకు దోచును. నమ్ముటకు ఆధారము లేదు. కన్నీటిని చిత్రించుట వేఱు, తాను కార్పించిన కన్నీటిని దుడుచుట వేఱు. అతడు మొదటిది చేసెను. రెండవది చేసినట్లు ఏ కాగితమును చెప్పుటలేదు.

నా తలపున ఈ చిక్కంతయు ఒక లెక్కతప్పునుండి పుట్టుచున్నది. వర్తకుని చిట్టాలో రామయ్య పేరిట జమపడిన సొమ్మును సుబ్బయ్య అప్పునకు చెల్లు వ్రాసినచో గుమాస్తాను పనినుండి తొలగింతురు. కళావిషయమున మాత్రము ఈ తప్పును మనమందఱమును నిర్భయముగా జేయుచున్నాము. రెంబ్రాంటు మనకు పెట్టిన దానము మన ఖాతాలోనిది. దానికి మన మతనికి ఋణపడియున్నాము. గేర్త్యేకు అతడు పడిన ఋణము ఆమె ఖాతాలోనిది. ఆమెకు రావలసినది మనకు ముట్టినందున ఆమె పద్దు తీఱదు. అట్లే, ఆమె పద్దు తీఱలేదుగనుక మనకు ముట్టినది ముట్టలేదనుటయు అబద్ధమే. ఒక ఖాతాను మఱియొక దానితో కలిపి కొట్టివేయు హక్కు మనకు లేదు. కొట్టివేయగలిగినది గేర్త్యే యొక్కతెయే, ఆమె ఎప్పుడో పోయినది.

అప్పుల విషయమునను అతడు నిష్కళంకుడు కాడు. దివాలాకు దరఖాస్తు పెట్టుటకు రెండునెలలు ముందు, 1656 మే నెలలో, ఇంటిని కుమారుని పేరిట మార్పించెను. ఈ యుక్తి మన వకీళ్లకు నేర్పనక్కఱలేనిది. 1660లో హెండ్రిక్యేయు టైటస్సును కలసి చిత్రముల వ్యాపారసంఘమును స్థాపించి, రెంబ్రాంటును అందు కేవలము భోజనవసతులమీద పనిచేయువానిగా జేర్చుకొనిరి. అందువలన అతడు వ్రాసిన చిత్రములను అప్పులవారు పట్టుకొనిపోవుటకు వీలులేకపోయెను. దీనిని మోసమనుడు, ప్రేమ యనుడు. సంఘము వెలివేసిన స్త్రీయు, తండ్రి అప్పులచేత ఆస్తి పోగొట్టుకొన్న కుమారుడును ఆ ముసలివానిని ఆదుకొనిరి. నాకు ఇందు నిందింప మనసు రాదు.

ఇంతకును ఆ యిల్లు దేనికి? చిత్రములకు దానితో పనిలేదు. అవి పారిసున వ్రేలాడినను, వియన్నాలో వ్రేలాడినను చిత్రములే. చిత్రశాలలో ప్రవేశించినవానికి చిత్రకారు డొక్కడే కనబడును. అతని సంతకమే గోడలనిండ నుండును. ఇంటిలోనికి పోయినవానికి అట్లు కాదు. ఇంటికి పొయ్యి యుండును, పడకయుండును, నీటితొట్టి యుండును. వానిని జూచినంతనే, వండినదెవరు, తోమినదెవరు, మేడమీద వెలుతురు కదలకుండ నుండుటకు క్రింద చీకటిలో మెదలినదెవరు అని అడుగవలసివచ్చును. మాతో వచ్చిన పెద్దమ్మగారికి చిత్రకళలో ప్రవేశము లేదు, కాపురమునందు ప్రవేశము కలదు. అందుచేతనే ఆమె అడిగినారు. కావున ఇట్టి గృహములను కాపాడుట మంచిదనియే నా యభిప్రాయము. చూపించువారు మేడమీద రంగుల పేరులు చెప్పినంత శ్రద్ధతో క్రింద మనుష్యుల పేరులను చెప్పవలెను. గేర్త్యే పేరును వంటయింట బిగ్గఱగా చెప్పినందున ‘రాత్రి పహరా’లో ఒక దీపమైనను ఆఱిపోదు.

1658లో ఇల్లు సుమారు 11,000 గిల్డర్లకు అమ్ముడుపోయినది. కొనిన వెలయైనను రాలేదు. తరువాతివారు దానిని చీల్చి, పైకి పెంచి, తమ కనుకూలముగా మార్చుకొనిరి. అతడు పుట్టి మూడువందలేండ్లు నిండిన 1906లో నగరమువారు దానిని మరల గొని, బాగుచేయించి, 1911లో విల్హెల్మినా రాణిచేత తెఱపించిరి. ఇల్లు దొరకినది గాని సమాధి దొరకలేదు. అతనిని వెస్టర్‌కెర్క్ అను దేవాలయములోని అద్దెగోరిలో పాతిపెట్టిరి, ఆ చోటు నేడు గురుతు తెలియదు.

గుమాస్తా పట్టీలోని చివరి పద్దులు చిత్రములు కావు, ప్రతిమలు కావు. ఉతుకుటకు పోయియున్నవని ఇంటివారు చెప్పగా వ్రాసికొన్న బట్టలు: పురుషుల చొక్కాలు మూడు, చేతిరుమాళ్లు ఆఱు, భోజనపు తుండుగుడ్డలు పండ్రెండు, బల్లగుడ్డలు మూడు, కొన్ని కంఠపట్టెలును, ముంజేతి పట్టెలును. వానిని మూటగట్టి పంపిన చేయి ఎవరిదో గుమాస్తా అడుగలేదు.